దానవులపాడు పోయొచ్చినా, బీగాలు తప్ప ఏం చూడలా. మన పక్క పాత గుళ్లు, జైన గుళ్లు మీరెట్ల చూస్తారప్పా?

పెన్నగట్టు
అనంతపురం నుంచి శనివారం పొద్దున కార్లో బయల్దేరినాం, నేను, మా ఆవిడ, పాప, మా నాయన. నాయనకి డెబ్భై రెండు, మోకాళ్లు సరిగ్గా లేవు. ప్లాన్ మొత్తం నాదే కాబట్టి తిట్లు కూడా నాకే వచ్చినాయి. తాడిపత్రి చేరేసరికి పన్నెండున్నర, చింతల వెంకటరమణస్వామి గుడి మూసేసినారు, మళ్లా సాయంత్రమే తీసేది అన్నారు. సరేలే అని జమ్మలమడుగు పోయి ఆడ్నుంచి దానవులపాడు దారి పట్టినాం, పాపకి కాలేజీలో జైన మతం మీద ప్రాజెక్టు ఉంది, పుస్తకాల్లో ఈ ఊరి పేరు చూసింది. దారిలో ఎవర్ని అడిగినా "జైన గుడా? ప్రొద్దుటూర్లో బంగారంగళ్లోళ్లది ఉంటాదేమో, ఆడికి పో" అంటాండారు. ఏటి గట్టెంబడి గంటసేపు తిరిగినాం, ఒక కంచె, దానికి బీగం, పక్కన రెండు మేకలు. అదే మేం వెతికిందో కాదో కూడా తెలీదు. రాత్రి కడపలో పండుకొని తెల్లారి పుష్పగిరి పోతే పెన్నలో నీళ్లు, అవతలి గట్టుకి పోయే దారి లేదు. ఈ గట్టు మీద నిలబడి గోపురానికి దండం పెట్టుకొని వచ్చేసినాం.

ఇంటికొచ్చినాక నాయన ఒకటే మాట. "రెండు దినాలు తిప్పి నాకు బీగాలు సూపిస్తివి కదరా."

ఇప్పుడడిగేది ఏందంటే, మన పాత మూడు జిల్లాల్లో, అనంతపురం, కడప, కర్నూల్లో, పెద్దాయన్ని పిల్చుకుపోయి నిజంగా చూడగలిగిన పాత గుళ్లు ఏవి? జైనులవి కూడా కావాల. గూగుల్ లిస్టులు వద్దు, పోయినోళ్లు చెప్పండి.

ఉగ్గాని_బజ్జి
పన్నెండున్నరకి తాడిపత్రి చేరినోనికి దేవుడు కూడా ఏం చేయలేడప్పా. ఆయన కూడా తిని పండుకోవాల కదా.

హిందూపురం_బస్సు
మొదటి రూలు: పెద్ద గుళ్లు చానావరకు మధ్యాన్నం మూస్తారు. పొద్దున ఆరుకి ఇంట్లో బయల్దేరు, లేదంటే బయల్దేరాకు.

రాళ్లపిచ్చి
దానవులపాడు గురించి ఎవరూ ముందే చెప్పలేదా మీకు? ఆ చోటు ఇసకలో పూడిపోయి ఉంటే ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పురావస్తు శాఖ వాళ్లు తవ్వి బయటికి తీసినారు. దొరికిన మంచి శిల్పాలు మద్రాసులో ఎగ్మోర్ మ్యూజియానికి పోయినాయి. మీ పాప చూడాల్సింది ఎగ్మోర్‌లో ఉంది, జమ్మలమడుగు పక్కన కాదు.

ఉత్త ఊరు కాదు మరి అది. రాష్ట్రకూట రాజు మూడో ఇంద్రుడు, నిత్యవర్షుడు అని బిరుదు, శాంతినాథ తీర్థంకరుని అభిషేకానికని అక్కడ రాతి పీఠం చేయించినాడు, ఆ మాట పీఠం మీదే చెక్కి ఉంది. పదో శతాబ్దం మొదట్లో సంగతి. ఆయన దండనాయకుడు శ్రీవిజయుడు అనేవాడు యుద్ధాలన్నీ చేసి చివరికి అన్నీ వదిలేసి సన్యాసం తీసుకొని పోయినాడని ఇంకో శాసనం, అట్లాంటి రాతిని నిసిధి అంటారు. కన్నడంలో ఉంటాది. అంటే ఆ కాలంలో పెన్న గట్టు మీద జైనులకి అది పెద్ద తీర్థమే. మీరు మేకల్ని చూసిన గట్టు అదే అయ్యుండొచ్చు, బాధపడాకండి.

పెన్నగట్టు
ఇది ముందే ఎవరన్నా చెప్పింటే పెట్రోలు మిగిలేది. పాపకి చూపించినా మీ పోస్టు, రాసుకుంటాంది.

నల్లరేగడి
మాది జమ్మలమడుగు తాలూకానే. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. మా ఊరి రాళ్లు, మా ఏటి ఇసకలో దొరికినాయి, చూడాలంటే మేం మద్రాసు రైలెక్కాల్నా? గండికోట చూడ్డానికి వారం వారం బెంగుళూరు కార్లు వస్తానే ఉన్నాయి, లోయ కాడ సెల్ఫీలు దిగి మాధవరాయస్వామి గుడిలోకి కూడా తొంగిచూడకుండా పోతారు. దానవులపాడు శిల్పాలు ఆ పక్కనే ఒక మ్యూజియం కట్టి పెట్టింటే ఆ కార్లన్నీ ఒక గంట ఆడ ఆగవా? తీసుకపోయినోళ్లు తెల్లోళ్లు, సరే. తిరిగి అడగాల్సింది మనం కాదా?

రాళ్లపిచ్చి
అడగొద్దని ఎవరన్నారు అన్నా. కానీ ఈడే ఉండింటే ఇంకా ఉండేవా అని నా అనుమానం. మా ఊరి సంగతి చెప్తా. ఊరి బయట చేన్లో చిన్న శివాలయం, లోపల లింగం, బయట నంది. గుప్తనిధి ఉందని ఎవడో పుకారు లేపినాడు. అమావాస్య దాటేసరికి నంది పక్కకి దొర్లింది, కింద ఆరడుగుల గుంత, నిమ్మకాయలు, కోడి ఈకలు. నిధి లేదు ఏం లేదు. నంది చెవు విరిగింది. మళ్లీ రెండేళ్లకి లింగం కింద తవ్వినారు. ఎవరో ఇంతవరకు తెలీదు. నందిని మేమే ట్రాక్టరుకి తాడు కట్టి నిలబెట్టినాం. మద్రాసులో ఉన్న తీర్థంకరుల కింద ఎవడూ తవ్వలేదు కదా.

ఉగ్గాని_బజ్జి
మా పెదనాయన వాళ్ల ఊర్లో కూడా ఇదే కథ. తవ్వినోళ్లకి నిధి బదులు పాత మున్సిపాలిటీ పైపు దొరికింది, అది పగిలి ఊరికి మూడు దినాలు నీళ్లు లేవు.

నల్లరేగడి
దొంగలు ఉండారని ఇంట్లో సామాన్లన్నీ పక్కింట్లో పెడతామా? వాచ్‌మన్‌ని పెడతాం.

రాళ్లపిచ్చి
ఈ మాట ఒప్పుకుంటా. వాచ్‌మన్‌ని ఎవరు పెడతారనేదే ప్రశ్న.

గుంతకల్_లోకో
జైనుల కోసమైతే మా పక్కకి రా అన్నా. గుంతకల్లు నుంచి ఉరవకొండ పోయే దారిలో కొనకొండ్ల. కుందకుందాచార్యులు అని, సమయసారం అనే జైన గ్రంథం రాసినాయన, దిగంబరుల్లో ఆయన పేరు మహావీరుడు, ఆయన శిష్యుడు గౌతముడి తర్వాత చెప్పుకుంటారు, ఆయన ఊరు ఇదేనని అంటారు. కొండకుంద అనేదే కొనకొండ్ల అయింది. ఊరి పక్కన రససిద్ధుల గుట్ట, పైన బండ మీద నిలబడిన తీర్థంకరుల బొమ్మలు, తల మీద మూడు గొడుగులు. కర్ణాటక, మహారాష్ట్ర నుంచి జైనులు వెతుక్కుంటా వస్తారు, మన గుంతకల్లోళ్లు సగం మందికి తెలీదు. నేను ఇరవై ఏళ్లు ఆ రోడ్డులో మా అత్తగారింటికి పోతా వచ్చినా, ఒక్కసారి కూడా తల తిప్పి చూడలేదు, పోయినేడు మావోడు స్కూల్లో చెప్పినారంటే పోయినాం.

పెద్దాయనకి మాత్రం గుట్ట ఎక్కడం కష్టం. కింద నీడలో కూచోబెట్టి చెనిక్కాయలు చేతికిచ్చి మీరు పోయిరాండి.

పెన్నగట్టు
మా నాయన నీడలో కూర్చునే రకం కాదు. చెనిక్కాయలు తింటా కింద నుంచి తిడతాడు.

హిందూపురం_బస్సు
ఎక్కే పని లేకుండా జైన గుడి కావాలంటే పెనుకొండ. పార్శ్వనాథ బసది, ఊర్లోనే ఉంది, ఇప్పటికీ పూజ జరుగుతాది. ఢిల్లీ, కొల్హాపురం, జినకంచి, పెనుకొండ అని జైనులకి నాలుగు విద్యాస్థానాలు, అందులో మనది ఒకటి. మనం పెనుకొండ అంటే కియా కార్లు అంటాం ఇప్పుడు. తల్లికోట యుద్ధం 1565లో అయినాక విజయనగరం రాజులు వచ్చి కూర్చున్నది కూడా ఆ ఊర్లోనే, గగన్ మహల్ చూడొచ్చు, బాబయ్య దర్గా కూడా చూడొచ్చు, అన్నీ ఒకే ఊరు. బెంగుళూరు హైవే పక్కనే కాబట్టి పెద్దాయనకి కుదుపులుండవు.

అట్నుంచి లేపాక్షి. అది మాత్రం వదలాకు.

సీమకోడలు
లేపాక్షిలో వేలాడే స్తంభం కింద నుంచి చీర కొంగు లాగితే మంచిదని మా ఆడపడుచు నన్ను అరగంట లైన్లో నిలబెట్టిందండీ. కొంగు చిరిగింది. మంచి ఏం జరగలేదు.

ఉగ్గాని_బజ్జి
చీర కొత్తది కొనిచ్చినారు కదా మీ ఆయన, అదే మంచి.

సీమకోడలు
మీకెలా తెలుసు 😄

హిందూపురం_బస్సు
అందరూ ఆ స్తంభం కాడే గుమిగూడుతారు, పైకి ఎవరూ చూడరు. పైకప్పు నిండా రంగుల బొమ్మలు, అచ్యుతదేవరాయల కాలంవి, అంటే సుమారు అయిదు వందల ఏళ్లు. అప్పటి ఆడోళ్ల చీరల అంచులు, మొగోళ్ల పొడుగు టోపీలు అన్నీ కనపడతాయి. మెడ నొప్పి పుట్టేవాళ్లకి ఒక ఉపాయం: ఫోన్లో సెల్ఫీ కెమెరా తెరిచి, అరచేతిలో పళ్లెం పట్టుకున్నట్టు పట్టుకో, పైకప్పు అంతా చేతిలోకి వచ్చేస్తాది. మా అమ్మ అట్లనే గంటసేపు నడుస్తా చూసింది. ఫ్లాష్ మాత్రం వేయాకండి, రంగులు పాడైతాయి.

పెద్ద నంది గుడిలో ఉండదు, ఊరి మొదట్లో రోడ్డు పక్కన ఉంటాది, ఒకే రాయి. తిరిగొచ్చేటప్పుడు చూద్దాంలే అని చీకటి పడ్డాక పోయినోళ్లని చాలామందిని చూసినా.

నల్లరేగడి
లేపాక్షికి యునెస్కో వచ్చింది కదా.

రాళ్లపిచ్చి
రాలేదు. 2022లో తాత్కాలిక జాబితాలో చేరింది. పెళ్లిచూపులు అయినాయి, పెళ్లి కాలేదు.

ఉగ్గాని_బజ్జి
ఆ గుడి కట్టించిన విరూపణ్ణ తన కళ్లే పీకి గోడకి కొట్టుకున్నాడంట, ఆ ఎర్ర మచ్చలు ఉన్నాయా ఇంకా? ఆడిట్ ఆఫీసోళ్లందర్నీ ఒకసారి పిల్చుకపోయి చూపించాల.

హిందూపురం_బస్సు
మచ్చలు చూపిస్తారు, నమ్మేది నమ్మకపోయేది నీ ఇష్టం. రాజు డబ్బు గుడికి ఖర్చుపెట్టినాడని నింద, అది ఊరి కథ. కల్యాణ మండపం సగంలో నిలిచిపోయింది మాత్రం కళ్లారా చూడొచ్చు. నాకు ఆ మండపమే గుడి కంటే ఇష్టం, ఆకాశమే కప్పు.

మునకూరు
ఎవరూ సంగమేశ్వరం ఎత్తలేదు కాబట్టి రాస్తాండా. మాది కర్నూలు పక్క. శ్రీశైలం డ్యాం నీళ్లలో పోయిన ఊర్లలో మా జేజి వాళ్లది ఒకటి. సంగమేశ్వరం గుడి కూడా అట్లే మునిగింది, ఏడు నదులు కలిసే చోటు అంటారు, లోపల లింగం రాయి కాదు, వేపమొద్దు. ఏడాదిలో ఎక్కువ కాలం నీళ్ల కిందనే ఉంటాది ఆ మొద్దు, ఇంకా చెడలేదు. ఎండాకాలం దగ్గర పడి డ్యాంలో నీళ్లు తగ్గితే శిఖరం ముందు బయటపడతాది, మెల్లగా గుడి మొత్తం లేస్తాది, బురద కడిగి పూజలు మొదలుపెడతారు. వానలు వచ్చి నీళ్లు గర్భగుడి తాకేదాకా చేస్తారు, తర్వాత మళ్లా సంవత్సరం దాకా లేదు.

మా జేజి బతికున్నన్నాళ్లూ ప్రతి ఎండాకాలం పోయేది. దేవుని కోసం అనుకునేవాణ్ణి. ఒకసారి నేను కూడా పోతే, దండం పెట్టుకోవడం అయిదు నిముషాలు, మిగతా పొద్దంతా బోటాయన్ని పట్టుకొని "ఇంకొంచెం ఆ పక్కకి పోనీ నాయనా" అని వాళ్ల ఇంటి గోడలు యాడ తేలినాయో వెతుక్కునేది. బురదలో రుబ్బురోలు ఒకటి కనిపించింది. మాదేనని చెప్పింది. ఎట్ల గుర్తుపట్టినావు జేజీ అంటే సమాధానం చెప్పలేదు.

కాబట్టి పెన్నగట్టన్నా, ఇప్పుడు అక్టోబర్లో సంగమేశ్వరం పోవాకు, నీళ్లు తప్ప ఏమీ ఉండవు. అదే సంగమం కాడి రూపాల సంగమేశ్వరం గుడిని మాత్రం రాళ్లు విప్పి తెచ్చి కర్నూల్లో జగన్నాథగట్టు మీద మళ్లా కట్టినారు. అది ఎప్పుడైనా చూడొచ్చు.

సీమకోడలు
మీ జేజి రుబ్బురోలు దగ్గర ఆగిపోయానండీ.

గుంతకల్_లోకో
జగన్నాథగట్టు పోతే ఆలంపురం కూడా చూసెయ్యండి, తుంగభద్ర దాటితే అయిపాయె. తొమ్మిది బ్రహ్మల గుళ్లు, పేరు బ్రహ్మే కానీ లోపల అన్నీ శివలింగాలు. బాదామి చాళుక్యులవి, ఏడో శతాబ్దం నాటివి. ఇప్పుడు తెలంగాణ అనుకో, గుడికి ఆ సంగతి తెలీదు.

ఉగ్గాని_బజ్జి
యాగంటి పోండి పెద్దాయన్ని పట్టుకొని. కోనేట్లో నంది నోట్లో నుంచి నీళ్లు వస్తానే ఉంటాయి. బసవన్న పెరుగుతాన్నాడంట, కాకులు రావంట. మా పాప ఇంటి నుంచి స్కేలు పట్టుకొచ్చింది కొలుస్తానని, పూజారి ఒప్పుకోలేదు. కాకి మాత్రం నిజంగా కనపడలేదు, పార్కింగ్ కాడ కోతులు మా పులిహోర మొత్తం ఎత్తుకుపోయినాయి. అగస్త్యుడు శాపం పెట్టాల్సింది కాకులకి కాదు.

నల్లరేగడి
ఇంత మాట్లాడుకుంటా ఉన్నాం కానీ అసలు మాట ఎవరూ చెప్పడం లేదు. మన పక్క శివాలయాల్లో సగం ఒకప్పుడు జైన బసదులే. ముక్కు తీరు చూస్తే తెలుస్తాది.

రాళ్లపిచ్చి
ముక్కు తీరుతో చరిత్ర తేలదన్నా. శాసనం ఉండాల, లేదంటే గోడలోనో తలుపు పైకమ్మీ మీదనో తీర్థంకరుని బొమ్మ ఉండాల. కొన్నిచోట్ల ఉంది, ఒప్పుకుంటా. "సగం" అనేది ఎవరూ లెక్కపెట్టలేదు.

నల్లరేగడి
నువ్వు లెక్కపెట్టినావా మరి లేవని?

నిర్వాహకుడు
ఇద్దరూ రొంత ఆగండి. ఈ గొడవకి వేరే చర్చ ఉంది, పోయినేడు నాలుగు వందల పోస్టులు పడినాయి, ఏం తేలలేదు. ఇక్కడ పెద్దాయన ప్రయాణం ఒక్కటే.

సీమకోడలు
పెద్దాయనకి దర్శనం కూడా కావాలంటే ఒంటిమిట్ట నా ఓటు. రాముడు, సీత, లక్ష్మణుడు ఒకే రాతిలో ఉంటారు, పక్కన హనుమంతుడు ఉండడు, ఆయన్ని కలవక ముందు సంగతి అని చెప్తారు. టావెర్నియర్ అనే ఫ్రెంచి వ్యాపారి 1652లో వచ్చి చూసి ఎంతో మెచ్చుకున్నాడట. నేను గోదావరి వైపు పిల్లని, మా భద్రాద్రి కల్యాణం మిట్టమధ్యాహ్నం, ఇక్కడ పున్నమి వెన్నెల్లో రాత్రి పూట చేస్తారు. మొదటిసారి చూసినప్పుడు మా అత్తగారితో మూడు గంటలు పోట్లాడకుండా కూర్చున్నాను, అది చాలు ఆ గుడి మహిమకి.

పెన్నగట్టు
ఇన్ని చెప్తే మళ్లా నాకు ఆశ పుట్టె. కానీ ఒక మాట, తాడిపత్రిలో మూసిన గుడి చూసినోళ్లకి చెప్పేదేమన్నా ఉందా? నాయన పుట్టింది ఆ పక్కనే, చిన్నప్పుడు చూసిందేనంట, ఇంకోసారి చూడాలని ఉన్నట్టుంది కానీ బయటికి చెప్పడు.

రాళ్లపిచ్చి
మీరు చేసిన తప్పు మూసేసే టైముకి పోవడం ఒక్కటే కాదు. చింతల గుడి మూసినారని ఊరు వదిలేసినారు. అదే ఊర్లో పెన్న గట్టున బుగ్గ రామలింగేశ్వరుడు ఉండాడు, లింగం కాడ ఎప్పుడూ నీళ్లు ఊరతా ఉంటాయి, అందుకే బుగ్గ. గుడి మూసినా దాని గోపురాలు బయట్నుంచే చూడొచ్చు. పైన అంతస్తులు కట్టనే లేదు, కింద నిలువు భాగం ఒక్కటే ఉంది, కానీ జానెడు జాగా ఖాళీ వదల్లేదు చెక్కినోడు. రెండు గుళ్లూ పెమ్మసాని నాయకుల కాలం పని. చింతల గుడిలో గోడల మీద రామాయణం, ముందర రథం లాగా రాతి గరుడ మండపం. పొద్దున ఎనిమిదికి పోండి, ఎండ పక్క నుంచి పడితేనే చెక్కడం కనపడేది, నడినెత్తిన ఉంటే అంతా చప్పగా ఉంటాది.

హిందూపురం_బస్సు
ఎనిమిదికి పోతే పదికి అయిపోతాది, తిరిగొచ్చి పెనుకొండ, సాయంత్రం లేపాక్షి. ఒకటే దినం.

ఉగ్గాని_బజ్జి
బస్సు డ్రైవరు మాట నమ్మాకు, ఆయన టైముకి ఆయన కూడా రాడు.

గుంతకల్_లోకో
ఓపిక ఉంటే మడకశిర దాటి హేమావతి కూడా. నొళంబ రాజుల రాజధాని, అప్పట్లో హెంజేరు. సిద్ధేశ్వరస్వామి లింగం రూపంలో కాదు, మనిషి రూపంలో కూర్చొని ఉంటాడు. ఆ నొళంబుల స్తంభాలు కొన్ని చోళులు ఎత్తుకపోయి తంజావూరు పక్కన తిరువయ్యారు గుళ్లో నిలబెట్టుకున్నారు. నల్లరేగడన్నా, నీ లిస్టులో అవి కూడా రాసుకో, తిరిగి అడగడానికి.

నల్లరేగడి
రాసుకున్నా. వెయ్యేళ్ల వడ్డీతో అడుగుతా.

పెన్నగట్టు
మూడు వారాల తర్వాత రాస్తాండా. నిన్న పోయొచ్చినాం.

అయిదున్నరకి బయల్దేరి ఏడుంబావుకి తాడిపత్రి. ముందు బుగ్గ కాడికే పోయినాం. ఇంకో సంగతి మీకు చెప్పలా, మా నాయన ముప్పై ఏళ్లు బండల ఫ్యాక్టరీలో పాలిష్ మిషన్ మీద పనిచేసినాడు, నాపరాయి మోసి మోసే మోకాళ్లు పోయినాయి. గోపురం కాడ దిగినాడు, దర్శనానికి రా నాయనా అంటే ఉలకడు పలకడు. వేలి గోరుతో రాయిని గీకి చూసినాడు. "ఇది మన బండ కాదురా, నల్లరాయి. బండైతే పొరలు పొరలుగా లేస్తాది, ఈ గీత పడదు" అన్నాడు. తర్వాత ఒక్కొక్క బొమ్మ కాడ నిలబడి, ఇక్కడ ఉలి ఎట్ల పట్టినాడు, ఇక్కడ ఎడమచేతి వాటం వానిది, ఇది గురువు చేసింది, ఇది పక్కనోడు నేర్చుకుంటా చేసింది అని పాపకి చెప్తానే ఉన్నాడు. నిజమో కాదో నాకు తెలీదు, పాప మాత్రం ఫోన్లో రికార్డు చేసుకుంది. ఒక చోట పువ్వు సగం చెక్కి వదిలేసి ఉంది. దాని ముందు చానాసేపు నిలబడినాడు. "కూలి రాలేదేమో" అన్నాడు.

పదకొండున్నర అయింది ఆడే. పరిగెత్తి చింతల గుడిలో దర్శనం చేసుకున్నాం, తలుపు మూసే ముందు ఆఖరోళ్లం మేమే. పెనుకొండ లేదు, లేపాక్షి లేదు.

హిందూపురం_బస్సు
నా టైంటేబుల్ అంతా పాయె.

సీమకోడలు
ఆ సగం పువ్వు ఫోటో పెట్టండి దయచేసి.

రాళ్లపిచ్చి
ఎడమచేతి వాటం ఎట్ల కనిపెట్టినాడో కొంచెం అడిగి రాయండి. ఇన్నేళ్లు తిరిగినా, నాకు తట్టలేదు ఆ ఆలోచన.

పెన్నగట్టు
అడిగినా. "నువ్వు ముప్పై ఏళ్లు బండ కోస్తే నీకూ తెలుస్తాది" అన్నాడు.

ఉగ్గాని_బజ్జి
మరి దానవులపాడు సంగతి?

పెన్నగట్టు
కార్లో తిరిగొస్తా ఆయనే ఎత్తినాడు. మద్రాసుకి పోయినవి ఏం రాయిరా అని. నాకు తెలీదన్నా. అయితే పోయి చూద్దాం అన్నాడు. రైలు టికెట్లు చూస్తాండా, గురువారం రాత్రి ఎక్కితే తెల్లారి ఎగ్మోర్ మ్యూజియం.

రాళ్లపిచ్చి
గురువారం రాత్రి ఎక్కాకు అన్నా. శుక్రవారం మ్యూజియంకి సెలవు.

ఉగ్గాని_బజ్జి
ఇంకో బీగం 😂